కొత్త స్టిక్కులో యాప్ దొరకకపోతే: గొడవ ఎవరిది, మీ చేతిలో ఉన్నదేమిటి

ముందు రెండు పనులు మానుకోండి. హాల్లోని పాత స్టిక్కులో (టీవీకి తగిలించి ఓటీటీ యాప్‌లు ఆడించే చిన్న పరికరం) యాప్ ఇంకా నడుస్తోందని మీ ప్రశ్నలో రాశారు కదా, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసి చూద్దామని అనుకోకండి. ఆ స్టిక్కును ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేయకండి. మిగతావన్నీ తీరిగ్గా చూసుకోవచ్చు గానీ ఈ రెండిట్లో ఏది చేసినా ఉన్నది కూడా పోయే ప్రమాదముంది.

మిగతావాళ్లకు అర్థమయ్యేలా మీ సమస్య రెండు ముక్కల్లో: ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో. హాల్లోని టీవీకి రెండేళ్ల నాటి స్టిక్కు ఉంది, అందులో ఒక ఓటీటీ యాప్ బాగానే ఆడుతోంది. అమ్మానాన్నల గదిలో ఉన్న 2018 నాటి టీవీకి అదే కంపెనీ కొత్త స్టిక్కు కొన్నారు, దాని స్టోర్‌లో ఆ యాప్ ఎంత వెతికినా లేదు. ఓటీటీవాళ్లు స్టిక్కు కంపెనీని అడగమంటున్నారు, స్టిక్కువాళ్లు ఓటీటీని అడగమంటున్నారు. ఏడాది చందా కట్టేశారు. కోఠిలో ఒక షాపతను రెండొందలిస్తే ఏపీకే, అంటే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఎక్కించే యాప్ ఫైలు, వేసిస్తానన్నాడు. ఇద్దరిలో ఎవరు అబద్ధం చెబుతున్నారు, ఏపీకే వేయించుకోవాలా, స్టిక్కు వాపసు ఇవ్వాలా, కన్స్యూమర్ కోర్టుకు వెళ్లాలా అని అడిగారు. కంపెనీల పేర్లు మీరు రాయలేదు, నేనూ ఊహించను. ఈ తగాదాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి కాబట్టి పేరు లేకపోయినా జవాబు మారదు.

అసలు ఇది ఓటీటీకి, స్టిక్కు కంపెనీకి మధ్య తగాదాయేనా అన్నది మొదట తేల్చాలి. పాతదాంట్లో నడుస్తూ కొత్తదాంట్లో దొరకకపోవడం ఒప్పందం తెగిందనడానికి మొదటి గుర్తే, కాదనను. అమెరికాలో 2021 ఏప్రిల్ 30న రోకు అనే స్టిక్కుల కంపెనీ తన స్టోర్‌లోంచి గూగుల్ వాళ్ల యూట్యూబ్ టీవీ యాప్‌ను తీసేసినప్పుడు అచ్చం ఇలాగే అయింది. అప్పటికే వేసుకున్నవాళ్లకు నడిచింది, కొత్తగా వేసుకోబోయినవాళ్లకు దొరకలేదు. చేజేతులా డిలీట్ చేసుకున్నవాళ్లు కూడా కొత్తవాళ్ల లెక్కలోకే వెళ్లారు. మొదట్లోనే హెచ్చరించింది అందుకే. అయితే ఇదే గుర్తు ఇంకో మూడు కారణాల వల్ల కూడా కనిపిస్తుంది.

ఒకటి, రెండు స్టిక్కులూ చూడ్డానికి కవలల్లా ఉన్నా లోపల వేరే జాతి కావచ్చు. అమెజాన్ 2025 చివర్లో తెచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కె సెలెక్ట్‌లో ఆండ్రాయిడ్ పునాది లేదు, వేగా ఓఎస్ (ఓఎస్ అంటే పరికరాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) అని సొంతంగా లినక్స్ మీద కట్టుకున్న వ్యవస్థ ఉంది. పాత ఫైర్ టీవీ కోసం రాసిన యాప్‌ను ఓటీటీ కంపెనీ దీనికోసం మళ్లీ రాసుకోవాలి. టీవీల్లోనూ అంతే: శామ్‌సంగ్‌కు టైజెన్, ఎల్‌జీకి వెబ్‌ఓఎస్, సోనీ, టీసీఎల్ లాంటివాటికి గూగుల్ టీవీ, ఆపిల్ పెట్టెకు టీవీఓఎస్. ఒక్కోదానికి విడిగా రాయాలి, పరీక్షించాలి, ఆ కంపెనీ ఆమోదముద్ర తెచ్చుకోవాలి. నెట్‌ఫ్లిక్స్‌కు ఇది లెక్కలోది కాదు. ఒక్క భాష ప్రేక్షకుల మీద బతికే వేదికకు మాత్రం ఇన్ని రకాల యాప్‌లు రాసి, ఏళ్ల తరబడి అప్‌డేట్ చేస్తూ ఉండటం బరువైన ఖర్చు. లేని ప్రతి యాప్ వెనకా కుట్ర ఉండదు. ఫైర్ టీవీ అయితే సెట్టింగ్స్‌లో మై ఫైర్ టీవీ, అందులో అబౌట్ తెరిస్తే మోడల్, ఓఎస్ కనిపిస్తాయి. గూగుల్ టీవీలో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్.

రెండోది మన ఊళ్లో మరీ మామూలు. అమెరికా నుంచి అబ్బాయో అల్లుడో తెచ్చిన స్టిక్కు, లేకపోతే ఇక్కడే కొన్న స్టిక్కులో వాళ్ల అమెరికా ఖాతా. మీరు మలక్‌పేటలో ఉన్నారా మేరీల్యాండ్‌లో ఉన్నారా అన్నదానికంటే ఖాతా ఏ దేశానిదన్నదే స్టోర్‌కు ముఖ్యం. అమెజాన్ ఖాతాకైతే వెబ్‌సైట్‌లో మేనేజ్ యువర్ కంటెంట్ అండ్ డివైసెస్ అనే పేజీకి వెళ్లి, ప్రిఫరెన్సెస్‌లో దేశం మార్చవచ్చు. గూగుల్ ప్లేలో దేశం ఏడాదికి ఒక్కసారే మారుతుంది, పైగా ఆ దేశపు కార్డు అడుగుతుంది. దానికంటే టీవీ కోసం ఇక్కడి జీమెయిల్ ఒకటి పెట్టుకోవడం తేలిక. సూట్‌కేసులో దిగిన రోకు అయితే తెలుగు యాప్‌ల కోసం దానితో కుస్తీ పట్టడం దండగ. ఆ స్టిక్కులు మన దేశంలో అధికారికంగా అమ్మరు.

మూడోది వయసు మీరడం. మీ కొత్త స్టిక్కుకు వర్తించదు గానీ హాల్లోదానికి ఎప్పుడో ఒకప్పుడు వర్తిస్తుంది. 2019 డిసెంబరులో కొన్ని పాత శామ్‌సంగ్ టీవీల్లో, పాత రోకు పెట్టెల్లో నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. కంపెనీల మధ్య ఏమీ చెడలేదు. కాపీ కాకుండా సినిమాకు వేసే తాళాన్ని నెట్‌ఫ్లిక్స్ మార్చింది, ఆ పరికరాలకు విండోస్ మీడియా డీఆర్‌ఎం అనే పాత తాళం మాత్రమే తెలుసు. 2025 మార్చిలో గూగుల్ వాళ్ల టీవీ పరికరాలైన రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా మొరాయించాయి. వాటిలో ఏళ్ల కిందట పెట్టిన భద్రతా సర్టిఫికెట్ గడువు తీరింది, అంతే. రీసెట్ చేయొద్దని గూగుల్ చెప్పింది. కొద్ది రోజుల్లో అప్‌డేట్ వచ్చి, ఓపికపట్టినవాళ్లకు దానంతటదే బాగయింది. తొందరపడి రీసెట్ చేసినవాళ్లకు తిరిగి సెటప్ కాక రెండో సమస్య మొదలైంది.

తేల్చుకోవడం పది నిమిషాల పని. కంప్యూటర్‌లో ఓటీటీ వెబ్‌సైట్ తెరిచి చందా బతికే ఉందో లేదో చూడండి. గూగుల్ టీవీ అయితే అదే జీమెయిల్‌తో కంప్యూటర్‌లో ప్లే స్టోర్ తెరిచి, ఆ యాప్ పేజీలో ఇన్‌స్టాల్ నొక్కండి. మీ పరికరాల జాబితా వస్తుంది. గదిలోని టీవీ పేరు పక్కన ఈ పరికరానికి సరిపోదు అని ఉంటే ఓఎస్ వ్యవహారం. యాప్ పేజీయే తెరుచుకోకపోతే దేశం లేదా ఒప్పందం వ్యవహారం. ఆఖరి పరీక్ష: తెలిసినవాళ్ల ఇంట్లో సరిగ్గా అదే మోడల్ ఉంటే వాళ్ల ఖాతాతో వెతికించండి. వాళ్లకు దొరికితే లోపం మీ ఖాతాలో ఉన్నట్టు. వాళ్లకూ దొరకకపోతే, ఆ యాప్ మొన్నటిదాకా అదే మోడల్‌లో ఉండేదైతే, తగాదాయే.

ఓటీటీకి మీరు డబ్బు కట్టారు, అది చూపిస్తానంటోంది, మధ్యలో పెట్టె అడ్డుపడుతోంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అది. ఈ పూజారి అడిగే దక్షిణ మూడు రకాలు.

మొదటిది చందాలో వాటా. స్టిక్కు స్టోర్ ద్వారా మీరు చందా కడితే అందులో కొంత స్టోర్‌ది. ఆపిల్ మొదటి ఏడాది 30 శాతం, ఆ తర్వాత 15 శాతం తీసుకుంటూ వచ్చింది. ప్రైమ్ వీడియో యాప్ కోసం అమెజాన్‌తో 15 శాతానికే ఒప్పుకుందని 2020లో అమెరికా కాంగ్రెస్ విచారణలో బయటపడిన ఈమెయిళ్లు చెప్పాయి. బలం ఉన్నవాడికి ఒక ధర, లేనివాడికి ఒక ధర. మన చందా నెలకు 100 రూపాయలనుకుంటే అందులో 30 స్టోర్‌కు పోవడం, 15 పోవడం చిన్న తేడా కాదు. సినిమా హక్కులు, సర్వర్లు, ప్రచారం అన్నీ ఆ మిగిలిన డెబ్బైలోనే తేలాలి. నెట్‌ఫ్లిక్స్ 2018 చివర్లో ఐఫోన్ యాప్‌లో కొత్త చందాలు తీసుకోవడమే మానేసింది. కట్టాలంటే బ్రౌజర్‌కు రావాల్సిందే.

రెండోది ప్రకటనల్లో వాటా. ఉచితంగా చూపించే యాప్‌లు పెరిగేకొద్దీ గొడవలు ఇక్కడే ముదురుతున్నాయి. రోకు సాధారణంగా యాప్‌లో ప్రకటనలకున్న జాగాలో 30 శాతం తనకు ఇవ్వమంటుందని, చందాలో 20 శాతం అడుగుతుందని అమెరికా పత్రికలు రాశాయి. పది ప్రకటనలు పడితే మూడు పెట్టె కంపెనీ అమ్ముకుంటుందన్నమాట. 2020 జులై 15న ఎన్‌బీసీయూనివర్సల్ పీకాక్ అనే తన ఓటీటీని మొదలుపెట్టినప్పుడు రోకులో అది లేకపోవడానికి ఈ లెక్కే ముఖ్య కారణం. సెప్టెంబరు దాకా తెగలేదు.

మూడోది ప్రేక్షకుడు ఎవరి మనిషి అన్నది. నా ఉద్దేశంలో డబ్బు కంటే పెద్ద పేచీ ఇదే. ఎవరు ఏం చూశారు, ఎక్కడ ఆపేశారు, ఈమెయిల్ ఏమిటి అన్న వివరాలు ఎవరి దగ్గరుంటే రేపు వాళ్లే బేరం ఆడతారు. వార్నర్‌మీడియా వాళ్ల ఓటీటీ హెచ్‌బీవో మ్యాక్స్ 2020 మే 27న వచ్చినప్పుడు ఫైర్ టీవీలో లేదు. అప్పటిదాకా హెచ్‌బీవోను అమెజాన్ తన ప్రైమ్ వీడియో ఛానెల్స్‌లో భాగంగా అమ్మేది. ఇకమీదట మా వీక్షకుడు మా యాప్‌కే రావాలని వార్నర్‌మీడియా, మా దగ్గరే ఉండాలని అమెజాన్. నవంబరులో గానీ తెగలేదు. రోకుతో డిసెంబరు దాకా సాగింది. 2021లో గూగుల్, రోకు తగువులో యూట్యూబ్ వెతుకులాట ఫలితాలకు ప్రత్యేక చోటు, వీక్షకుల వివరాలు అడుగుతున్నారని రోకు ఆరోపించింది, గూగుల్ కాదంది. కొత్త పెట్టెల్లో ఏవీ1 అనే వీడియో కోడెక్‌కు (వీడియోను కుదించే పద్ధతి) సరిపడే చిప్ ఉండాలన్న మాట కూడా అందులో వచ్చింది. చిప్ మారితే చవక స్టిక్కు ధర పెరుగుతుంది. మీ రిమోట్ మీద ఓటీటీల పేర్లతో బటన్లు ఉన్నాయి చూడండి, అవీ ఈ బేరంలో సరుకే.

అన్నిటికంటే పొడవుగా సాగింది అమెజాన్, గూగుల్ పోరు. 2015 అక్టోబరులో అమెజాన్ తన సైట్‌లో క్రోమ్‌కాస్ట్, ఆపిల్ టీవీ అమ్మడం ఆపేసింది. వాటిలో ప్రైమ్ వీడియో సరిగా నడవదు, కొన్నవాళ్లు తికమకపడతారని కారణం చెప్పింది. ఆ యాప్ వాటికి ఇవ్వాల్సింది తానేనన్న సంగతి అటుంచండి. గూగుల్ 2017 సెప్టెంబరులో అమెజాన్ ఎకో షో (తెర ఉన్న అలెక్సా స్పీకరు) నుంచి యూట్యూబ్ తీసేసింది. డిసెంబరు వచ్చేసరికి, 2018 జనవరి 1 నుంచి ఫైర్ టీవీలోనూ ఉండదని ప్రకటించింది. అమెజాన్ వెంటనే ఫైర్ టీవీకి సిల్క్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు తెచ్చింది. జనం ఏడాదిన్నర పాటు బ్రౌజర్‌లోనే యూట్యూబ్ చూసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో రాజీ కుదిరి, జులై 9న ఫైర్ టీవీకి యూట్యూబ్, క్రోమ్‌కాస్ట్‌కు ప్రైమ్ వీడియో ఒకే రోజున వచ్చాయి. రెండు కంపెనీలకూ మన గచ్చిబౌలి వైపు పెద్ద ఆఫీసులున్నాయి. ఇలాంటి ఒప్పందాలు మాత్రం సియాటిల్‌లో, మౌంటెన్ వ్యూలో తేలతాయి. కాబట్టి ఫోనెత్తిన కస్టమర్ కేర్ అమ్మాయి మీద కేకలేసి లాభం లేదు, ఆమె ముందున్న తెర మీద ఏం రాసుంటే అదే చదువుతుంది.

ఈ చరిత్రలోంచి మీకు పనికొచ్చేది వ్యవధి. పీకాక్‌కు రెండు నెలలు, హెచ్‌బీవో మ్యాక్స్‌కు ఆరేడు నెలలు, యూట్యూబ్‌కు ఏడాదిన్నర. ఫాక్స్ ఛానెల్, రోకు తగువు మాత్రం 2020 ఫిబ్రవరి 2న సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) ఉందనగా రెండు రోజుల ముందు తేలిపోయింది. యూట్యూబ్, రోకు కూడా 2021 డిసెంబరు 9 గడువు పెట్టుకుని 8వ తేదీన సంతకాలు చేశాయి. హెచ్‌బీవో మ్యాక్స్ రోకులోకి వచ్చింది క్రిస్మస్‌కు పెద్ద సినిమా నేరుగా విడుదల కాబోతోందనగా వారం ముందు. అందుకని మీ యాప్ ఎప్పుడు వస్తుందో ఊహించాలంటే ప్రకటనలు చదవడం మానేసి క్యాలెండర్ చూడండి. ఆ ఓటీటీకి మార్చి చివర్లో ఐపీఎల్ ఉందా, సంక్రాంతి సినిమాల హక్కులు ఉన్నాయా? ఉంటే ఆ తేదీకి ముందు వారంలో తెమిలే అవకాశం ఎక్కువ. పెద్ద తేదీ ఏదీ కనుచూపు మేరలో లేకపోతే ఇద్దరికీ తొందర ఉండదు.

ఎవరు అబద్ధం చెబుతున్నారని అడిగారు. ఇద్దరూ సగం నిజమే చెబుతారు. మాకు ఆ కంపెనీతో ఒప్పందం లేదు అంటే డబ్బు దగ్గర ఆగిందని. సాంకేతిక కారణాలు అంటే చాలావరకు ఓఎస్ లేదా తాళం సమస్య. త్వరలో అందుబాటులోకి అంటే బేరం నడుస్తోంది. మా వినియోగదారుల కోసం పోరాడుతున్నాం, మీరు కూడా అవతలివాళ్లకు ఫోన్ చేయండి అని ఈమెయిల్ వచ్చిందంటే బేరం ఇంకా తెగలేదు, మిమ్మల్ని పావుగా వాడుతున్నారు.

మన దేశంలో ఈ తగాదాల ముఖం కొంచెం వేరు. ఇక్కడ యుద్ధమంతా గూగుల్ ప్లే చుట్టూ తిరిగింది. యాప్‌లు తన సొంత చెల్లింపు మార్గమైన ప్లే బిల్లింగ్‌నే వాడాలని గూగుల్ తప్పనిసరి చేయడంపై కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో 936.44 కోట్ల జరిమానా వేసింది, అప్పీలులో అది బాగా తగ్గింది. ఆ తర్వాత గూగుల్ వేరే చెల్లింపు మార్గం కూడా పెట్టుకోవచ్చంది గానీ దానికీ 11 నుంచి 26 శాతం రుసుం అడిగింది. మామూలు 15 నుంచి 30లో నాలుగు తగ్గించిందంతే. డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ మద్రాసు హైకోర్టుకు వెళ్తే, 4 శాతం కడుతూ ఉంటే యాప్‌ను తీసేయకూడదని 2023 జులైలో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. 2024 మార్చి 1న గూగుల్ కొన్ని భారతీయ యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తీసేసినప్పుడు పెళ్లి సంబంధాల యాప్‌లతో పాటు ఓటీటీలు కూడా పోయాయి. కేంద్ర మంత్రి జోక్యంతో కొద్ది రోజుల్లోనే తిరిగొచ్చాయి. అప్పుడు కూడా ఫోన్లలో ముందే ఉన్న యాప్‌లు నడిచాయి.

టీవీల విషయంలో ఇంకో తీర్పు మీకు నేరుగా సంబంధించింది. ఆండ్రాయిడ్ టీవీ తయారుచేసే కంపెనీ ఫైర్ టీవీ లాంటి మార్చిన ఆండ్రాయిడ్‌తో వేరే పరికరం చేయకుండా గూగుల్ ఒప్పందాలు కట్టిపడేస్తున్నాయని ఫిర్యాదు వచ్చి, 2021 జూన్‌లో కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. 2025 ఏప్రిల్‌లో గూగుల్ 20.24 కోట్లు కట్టి రాజీకి వచ్చింది. టీవీ కంపెనీలు ఇప్పుడు ప్లే స్టోర్‌ను విడిగా లైసెన్సు తీసుకోవచ్చు. గూగుల్ యాప్‌లు లేని టీవీలకు ఆ షరతులు వర్తించవు. రాబోయే ఏళ్లలో మన మార్కెట్లో రకరకాల ఓఎస్‌ల టీవీలు పెరిగితే, పైన చెప్పిన మొదటి కారణం, అంటే ఒక్కో ఓఎస్‌కు ఒక్కో యాప్ బాధ, ఇంకా పెరుగుతుంది. పోటీకి మంచిది, మీకు తలనొప్పి.

కేబుల్ టీవీకి ఉన్న రక్షణ ఓటీటీకి లేదన్నది చాలామందికి తెలియదు. ప్రసారకర్త తన ఛానెల్‌ను అడిగిన పంపిణీదారుకు వివక్ష లేకుండా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. ఆపేయాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి, తగవొస్తే తీర్చడానికి టీడీశాట్ అనే ట్రైబ్యునల్ ఉంది. 2023 ఫిబ్రవరిలో కొత్త ధరల మీద పేచీ వచ్చి స్టార్, జీ, సోనీ ఛానెళ్లు పెద్ద కేబుల్ సంస్థలకు ఆగిపోయినా వారం తిరక్కుండానే తెమిలాయి. మీ యాప్ విషయంలో ట్రాయ్‌కి రాసినా అది వాళ్ల పరిధిలోకి రాదు. ఐటీ నిబంధనల కింద ఓటీటీలు పెట్టుకున్న ఫిర్యాదుల అధికారి కూడా కంటెంట్ మీద అభ్యంతరాలు చూస్తాడు, యాప్ ఎక్కడ దొరుకుతుందన్నది చూడడు.

ఇక కోఠి షాపతని రెండొందల సంగతి. ఏపీకే వేయడం దానంతట నేరమేమీ కాదు. ఓటీటీ కంపెనీ తన సైట్‌లో టీవీ ఏపీకే తానే ఇస్తుంటే నిరభ్యంతరంగా వేసుకోండి. షాపుల్లో వేసేది చాలావరకు ఫోన్ యాప్. అది తెరను తాకి నడపడానికి చేసింది, రిమోట్ బాణాలకు బటన్లు అందవు, కొన్నిచోట్ల తెర అడ్డం తిరిగి సగమే కనిపిస్తుంది. మౌస్ యాప్ ఒకటి వేసి సర్దుతారు. మీకు పర్వాలేదేమో, మీ నాన్నగారికి రెండో రోజుకే విసుగు. ఇంకో చిక్కు: ఆ పరికరానికి ఓటీటీ ఆమోదం లేకపోతే బొమ్మ 480పీ దగ్గర ఆగిపోతుంది. వైడ్‌వైన్ అనే తాళానికి ఎల్1, ఎల్3 అని స్థాయిలున్నాయి. ఎల్3 దగ్గర చాలావరకు హెచ్‌డీ ఇవ్వరు. అప్‌డేట్లు కూడా వాటంతటవి రావు, మూడు నెలలకు యాప్ పాతదైపోయిందని ఆగుతుంది, మళ్లీ రెండొందలు. కొత్త స్టిక్కు వేగా ఓఎస్‌ది అయితే ఈ చర్చే అక్కర్లేదు, అందులో ఏపీకే ఎక్కదు.

అదే షాపులో అన్ని ఓటీటీలూ జీవితాంతం ఉచితం అని ఒక నల్ల పెట్టె చూపిస్తారు. దాని జోలికి అసలు పోవద్దు. పేరు లేని ఆండ్రాయిడ్ పెట్టెల్లో ఫ్యాక్టరీలోనే దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించి పంపుతున్నారని, బ్యాడ్‌బాక్స్ 2.0 పేరుతో అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో బహిరంగంగా హెచ్చరించింది. అవి మీ ఇంటి ఇంటర్నెట్‌ను వేరేవాళ్ల అక్రమాలకు దారిగా వాడతాయి. అదే వైఫై మీద మీ బ్యాంకు యాప్‌లున్న ఫోన్లు కూడా ఉంటాయి. పెట్టె అసలుదో కాదో తెలియాలంటే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ కింద ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ చూడండి. సర్టిఫైడ్ అని లేకపోతే తీసి పక్కన పెట్టండి.

తగాదా తెమిలేదాకా అమ్మానాన్నలు ఎలా చూడాలి? అన్నిటికంటే సులువు, హాల్లోని స్టిక్కును గదిలోకి మార్చి, కొత్తదాన్ని హాల్లో పెట్టుకోండి. యాప్ అవసరం వాళ్లకే ఎక్కువ కదా. అది కుదరకపోతే గదిలోని టీవీ సొంత స్టోర్‌లో ఆ యాప్ ఉందేమో వెతకండి, స్టిక్కు తగిలించాక టీవీకి కూడా స్టోర్ ఉంటుందన్నది చాలామంది మర్చిపోతారు. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన సెట్‌టాప్ బాక్స్ మూలన పడుంటే అందులోనూ చూడండి. ఫోన్ నుంచి క్యాస్ట్ చేయడం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. నెట్‌ఫ్లిక్స్ 2019లో ఎయిర్‌ప్లే ఆపేసింది, 2025 చివర్లో రిమోట్ ఉన్న చాలా పరికరాలకు ఫోన్ క్యాస్టింగ్ కూడా ఆపేసింది. ఫోన్ తెరను మొత్తంగా మిర్రర్ చేస్తే మాటలు వినిపించి బొమ్మ నల్లగా ఉండటం లోపం కాదు, కాపీ కాకుండా పెట్టిన తాళం. ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ వైరుతో కలిపితే పని జరుగుతుంది.

ఒక చిన్న సంగతి, దీనికోసం కూడా జనం గొడవపడుతుంటారు: నెట్‌ఫ్లిక్స్ 149 రూపాయల ప్లాన్ ఫోన్‌కు, ట్యాబ్‌కు మాత్రమే. స్టిక్కులో యాప్ ఉంటుంది, సినిమా ఆడదు. చవక ప్లాన్ తీసుకునేముందు టీవీ అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

డబ్బు విషయం. మీ చందా ఎవరు వసూలు చేశారో ముందు చూడండి. బ్యాంకు మెసేజ్‌లో ఓటీటీ పేరుందా, స్టోర్ పేరుందా? నేరుగా ఓటీటీకి కట్టి ఉంటే చందా మీ ఖాతాది, ఏ పరికరంలోనైనా చూడొచ్చు, నష్టం తక్కువ. స్టోర్ ద్వారా కట్టి ఉంటే రద్దు చేయడం, రీఫండ్ అడగడం అన్నీ స్టోర్ దగ్గరే. ఓటీటీ యాప్‌లో రద్దు బటనే కనిపించదు. యాప్ డిలీట్ చేస్తే చందా ఆగదు. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం దేంట్లో కట్టారో అందులో ఆటోపే విభాగం తెరిచి మాండేట్ రద్దు చేయండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని కొట్టేయకండి. ఇకమీదట ఏ చందా అయినా ఓటీటీ వెబ్‌సైట్‌లో మీ సొంత ఈమెయిల్‌తో, స్టిక్కు బ్రాండుతో ముడిపెట్టకుండా కట్టండి. పరికరం మార్చిన రోజున లాగిన్ చేస్తే సరిపోతుంది. తగాదా నలుగుతున్న యాప్‌కు ఏడాది చందా వద్దు, నెల చందా తీసుకోండి, లెక్కకు కాస్త ఎక్కువైనా సరే.

స్టిక్కు వాపసు గడువు ఇంకా ఉంటే ఇవాళే పెట్టేయండి. దాటిపోతే, బాక్స్ మీద గానీ అమ్మకం పేజీలో గానీ ఆ యాప్ లోగో ఉందేమో చూడండి. ఉంటే ఫొటో, స్క్రీన్‌షాట్, బిల్లు, రెండు కస్టమర్ కేర్‌ల రాతపూర్వక జవాబులు ఒకచోట పెట్టుకోండి. ఫోన్లో చెప్పింది సాక్ష్యం కాదు, చాట్ లేదా ఈమెయిల్ తీసుకోండి. ముందు 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు. చాలా కంపెనీలు ఈ దశలోనే రీఫండ్‌కు దిగొస్తాయి. కుదరకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కు వేయవచ్చు. కొన్న చోట కాకుండా మీరుండే చోటే వేసే హక్కుంది, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. లోగో ఎక్కడా లేకపోతే మాత్రం మీ కేసు బలహీనం. ఇతర సంస్థల సేవలు ఎప్పుడైనా మారవచ్చని షరతుల్లో అందరూ రాసుకుంటారు. మూడు వేల స్టిక్కు కోసం నాంపల్లి చుట్టూ తిరగడం కంటే 1915 దగ్గర గట్టిగా నిలబడటం మేలని నా సలహా. రద్దు బటన్ దాచిపెట్టి చందా లాగేసిన కేసు అయితే వేరే సంగతి. 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో చందా ఉచ్చు అని దానికి పేరు పెట్టి మరీ నిషేధించారు, అది గట్టిగా పట్టుకోండి.

మళ్లీ కొనాల్సి వస్తే, కొనే ముందే ఇంట్లో కావలసిన యాప్‌ల జాబితా కాగితం మీద రాసుకుని, షాపులో డెమో టీవీలో ఒక్కొక్కటి వెతికించండి. ఫోన్లో ఉందన్న మాట నమ్మొద్దు. హాల్లో ఒక కంపెనీ స్టిక్కు ఉంటే గదికి వేరే కంపెనీది కొనండి. ఇద్దరితో ఒకేసారి చెడే ఓటీటీ అరుదు. టీవీని తెర నాణ్యత చూసి కొనండి, లోపలి స్మార్టును లెక్కలోకి తీసుకోవద్దు. తెర పదేళ్లు ఉంటుంది, లోపలి ఓఎస్‌కు అప్‌డేట్లు అంతకాలం రావు.

గదిలోని టీవీ 2018 నాటిదన్నారు కాబట్టి ఆఖరుగా రెండు జాగ్రత్తలు. 4కె టీవీ అయితే అన్ని హెచ్‌డీఎంఐ పోర్టులూ హెచ్‌డీసీపీ 2.2కు (4కె బొమ్మ కాపీ కాకుండా పెట్టిన తాళం) పనికిరాకపోవచ్చు. పనికిరాని పోర్టులో పెడితే యాప్ ఉన్నా 4కె రాదు, కొన్నిసార్లు బొమ్మే రాదు. పోర్టు పక్కన ముద్రించింది చదివి పెట్టండి, లేదా ఒక్కొక్కటి మార్చి చూడండి. స్టిక్కుకు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వొద్దు. పాత టీవీల యూఎస్‌బీ పోర్టు సాధారణంగా అర ఆంపియరే ఇస్తుంది, స్టిక్కుకు దాదాపు ఒక ఆంపియర్ కావాలి. సినిమా మధ్యలో దానంతటది రీస్టార్ట్ అవుతుంటే చాలాసార్లు కారణం ఇదే. డబ్బాలో వచ్చిన అడాప్టర్‌ను గోడ ప్లగ్గుకే పెట్టండి. ఇంకో మాట: 8 జీబీ స్టిక్కులో మీకు మిగిలేది 5 జీబీ లోపే, వాడని యాప్‌లు తీసేస్తూ ఉండండి. తగాదాలో ఉన్న ఆ ఒక్క యాప్ తప్ప.